ఎదురు నీటి లెక్క

డార్కస్ నల్లబల్లను తడిగుడ్డతో తుడిచి మళ్ళీ అదే పడవ లెక్క రాసింది. ప్రవాహానికి ఎదురుగా గంటకు ఎనిమిది కిలోమీటర్లు, ప్రవాహంతో పాటు పన్నెండు. నిలకడ నీటిలో పడవ వేగం ఎంత?

సోనారి పేటలోని ఈ అద్దెగదిలో ఒకప్పుడు ట్యూషన్ పిల్లలు గుమ్మందాకా కూర్చునేవారు. ఇప్పుడు అందరూ ఫోన్లలోనే నేర్చుకుంటున్నారు. మిగిలింది కిషోర్ ఒక్కడే. వెల్డింగ్ పని దిగి, కనుబొమల మీద మసితోనే వస్తాడు. అతని కోసం టీ నీళ్ళు పెడితేనే ఆమెకు సాయంత్రమైనట్టు.

రేపు అతని రైల్వే పరీక్ష. వయసు దాటిపోతోంది, ఇదే ఆఖరిది.

కిషోర్ ఎదురు వెళ్ళే పడవ వేగంలోంచి ప్రవాహ వేగాన్ని తీసెయ్యకుండా కలిపాడు. ఎప్పుడూ చేసే తప్పే.

"ఎదురెళ్తే వేగం తగ్గుతుందయ్యా!"

"ఏటి మిస్, వానల్లో సువర్ణరేఖ పొంగితే, దాన్లో కలిసే మా ఖర్కాయి ఏటి నీళ్ళు ఎనక్కే తంతాయి గదా. మా బస్తీ అంతా సూసిందే."

"ఈ లెక్క రాసినవాడు మీ బస్తీ చూళ్ళేదు."

ఆమె మేజా మీద సుద్దతో రెండు గీతలు గీసి, నడుమ అగ్గిపెట్టెను వేలితో ఎదురు తోసింది. ఈసారి అతనికి జవాబు వచ్చింది. ముఖం మాత్రం వాడిపోయింది.

"ఇంతసేపైతే ఒక్క లెక్కకే గంట కొట్టేత్తారు మిస్."

డార్కస్ చేతిలో సుద్దముక్క ఆగింది. దగ్గరదారి ఒకటుంది. పునాది గట్టిపడాలంటూ ఇన్నాళ్ళూ దాటవేసింది. పునాది గట్టిపడేదాకా అతను వస్తూనే ఉంటాడు.

"రెండు వేగాలూ కలిపి సగం చెయ్యి, పడవ వేగం. తీసేసి సగం చెయ్యి, నీటి వేగం."

కిషోర్ పెన్ను ముట్టలేదు. "పది. నీళ్ళు రెండు. అరే! ఇంతేనా? ముందే సెప్పలేదేటి మిస్?"

"టీ చల్లారిపోతోంది."

అతను నిలబడే తాగేసి సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

"వత్తాను మిస్, పరీక్షకెళ్ళే రైలు టైమైపోయింది. పాసైతే పోస్టింగు ఎక్కడేత్తే అక్కడికి. ఫెయిలైతే సూరత్‌లో మా బావ కాడికి. ప్రార్థన చెయ్యండి."

"చేస్తాను."

ఏమని చెయ్యాలో ఆమెకు తోచలేదు. రెండు దారుల్లోనూ అతను ఇటు రాడు.

వీధి మలుపులో అతనెక్కిన ఆటో శబ్దం అణిగిపోయింది. పొయ్యి వెలిగించాలి. అగ్గిపెట్టె కోసం చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది.

రెండు సుద్దగీతల నడుమ అగ్గిపెట్టె, ఎదురు నీటికి మొహం పెట్టి, అతను చూసినచోటే ఉంది.