అమ్మ చీర అంచు

ఆసుపత్రి ల్యాబులో పొద్దుటి డ్యూటీ ముగించుకుని రెండింటికి ఆమె ఇంటికొచ్చేసరికి గేటు పక్కన అట్టపెట్టె ఉంది. ఆశ్చర్యపోలేదు. చుట్టుపక్కల ఎవరి కుక్క ఈనినా, వద్దనుకున్న పిల్లలు చివరికి చేరేది ఆమె గడపకే. కళ్ళు తెరవని పిల్లల్ని కంటికి రెప్పలా సాకి, మంచి ఇల్లు చూసి పంపేది. అందరూ ఆమెను ‘కుక్కలమ్మ’ అనేవాళ్ళు. ఆ పిలుపులో మెచ్చుకోలు పావు వంతు, వెటకారం ముప్పావు.

మూత తీస్తే సెగ మొహానికి కొట్టింది. పెట్టె పొద్దున్నించీ ఎండలోనే ఉన్నట్టుంది. నాలుగు పిల్లలు. మూడు అప్పటికే కట్టెల్లా బిగుసుకుపోయాయి. నాలుగోదాని పొట్ట మాత్రం సన్నగా ఎగిసి పడుతోంది.

దాన్ని తడిగుడ్డతో తుడిచి, దూదితో పాలు పట్టబోయింది. మింగలేదు. పాలు మూతి పక్కనించి కారిపోయాయి. తల్లి దొరికితే తప్ప ఇది పొద్దుగూకేదాకా నిలవదని ఆమెకు తెలుసు. ఎవరింటి కుక్కో, ఎక్కడని వెతకడం? చచ్చినవాటిని తీసి, కింద పరిచిన గుడ్డ ఎత్తింది.

నీలం మీద పసుపు గళ్ళు. తన అమ్మ చీర అంచు.

సాకిన ప్రతి పిల్లతోనూ అది పడుకున్న గుడ్డ ముక్క ఒకటి పంపడం ఆమె అలవాటు. తెలిసిన వాసన ఉంటే కొత్త ఇంట్లో పిల్ల బెంగపెట్టుకోదు. అందరికీ పాత దుప్పటి ముక్కలే ఇచ్చేది. రెండేళ్ళ కిందట అక్క ఒక పిల్లని అడిగినప్పుడు మాత్రం, సొంత అక్క కదా అని, పోయిన అమ్మ చీర చించి ఇచ్చింది. ఆరు నెలలు నిండగానే కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తానని అక్కతో చేతిలో చెయ్యి వేయించుకుంది కూడా.

ఆ గుడ్డలోనే పిల్లని చుట్టి, రెండు వీధులు దాదాపు పరిగెత్తింది.

అక్క గేటు దగ్గర తల్లికుక్క గొలుసుతో కట్టేసి ఉంది. పాలు చేపి నేల మీద చుక్కలు పడుతున్నాయి. అది ఆమెను చూసి మొరగలేదు. పిల్లని వాసన చూసి వెల్లకిలా పడుకుంది. తల్లికుక్క చన్ను పిండి పిల్ల నోట్లో పెట్టిందామె. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి గొంతు కదిలింది.

అక్క బయటికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఒకటే తెచ్చావేమే?"

"మిగతావి మాడి చచ్చాయి. నేను ఆరింటికే డ్యూటీకి పోతానని తెలీదా నీకు?"

"ఇవాళ సెలవనుకున్నాం. ఎనిమిదింటికి మీ బావగారు పెట్టొచ్చారు. అయినా చెత్తకుండీలో వేశామా? నీ గడపలోనే పెట్టించాను. నీ చేతిలో పడితే బతుకుతాయని నమ్మకం."

"బెల్లు కొట్టొచ్చుగా."

అక్క కొంగు సర్దుకుంది. "కొడితే ఆపరేషన్ ఎందుకు చేయించలేదని దులిపేస్తావు. నీ నోటికి జడిసే."

తన చేతిని నమ్మారు, తన నోటికి జడిశారు. ఆ రెంటి మధ్యా మూడు ప్రాణాలు పోయాయి.

ఆమె గొలుసు విప్పింది.

"దాన్నెక్కడికే?"

"పిల్ల పాలు మానేదాకా నా దగ్గరుంటుంది."

"నెల రోజులా? మరి గేటు దగ్గర కాపలా?"

"బావని కూచోమను."

"ఇదే, ఇందుకే బెల్లు కొట్టలేదు," అంది అక్క.

ఆమె పిల్లని తన చున్నీలోకి మార్చుకుని, చీర అంచు అక్క వైపు చాచింది. "దాచుకో. మళ్ళీ పెట్టె కట్టేటప్పుడు పరచడానికి ఉంటుంది."

అక్క అందుకోలేదు. ఆమె దాన్ని గొలుసు తగిలించే కొక్కేనికి ముడేసి, తల్లినీ పిల్లనీ తీసుకుని బయల్దేరింది.

మలుపు దగ్గర వెనక్కి చూసింది. అక్క అటూ ఇటూ చూస్తూ గబగబా ఆ ముడి విప్పుతోంది. అమ్మ చీర అని కాదు, పక్కింటివాళ్ళు చూసి ఏమిటని అడుగుతారని.