నాలుగో పిలుపు

పేరు మూడుసార్లు పిలవాలి. మూడోసారికీ పలక్కపోతే జాబితాలో ఆ పేరుకు ఎదురుగా ‘రాలేదు’ అని రాయాలి. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మౌఖిక పరీక్షల గది గుమ్మంలో నిలబడి అడెలీనో చేస్తున్న ఉద్యోగం ఇదే. ఇంత వెధవ జూన్ నెల మాత్రం అతని సర్వీసులో ఎప్పుడూ రాలేదు. పొద్దున్నుంచి నలభై పేర్లు పిలిస్తే లోపలికి వెళ్ళింది ఇద్దరు. పోనీ మిగతావాళ్ళు ఊళ్ళో లేరా అంటే, ఎదురుగా వరండాలోనే ఉన్నారు! విద్యార్థులు వేసుకునే నల్ల అంగీలు మెడదాకా బిగించుకుని, ఎవరో పోయిన ఇంట్లోలాగా గోడలకు ఆనుకుని నిలబడ్డారు.

ఏప్రిల్‌లో కొత్త భవనం ప్రారంభోత్సవానికి రాజధాని లిస్బన్ నుంచి ప్రభుత్వ పెద్దలొచ్చారు. విద్యార్థి సంఘం కుర్రాడొకడు లేచి, రెండు మాటలు చెప్పనివ్వండి అన్నాడు. పెద్దలు టోపీలు తీసుకుని వెళ్ళిపోయారు, కుర్రాడు లాకప్పులోకి వెళ్ళాడు. అప్పట్నుంచీ పిల్లలు భీష్మించుకున్నారు. విశ్వవిద్యాలయాన్ని నడిపే సభలో తమకూ ఒక కుర్చీ వెయ్యాలట. అప్పటిదాకా పరీక్షలకు కూర్చోరట. ఆ కుర్చీ మీద అడెలీనోకు ఏ కోపమూ లేదు. ఇన్నేళ్ళలో తననీ ఎవరూ కూర్చోమన్న పాపాన పోలేదు.

అతని బాధల్లా వేరు. పరీక్ష పోయినవాడికి సైన్యంలో చేరే గడువు పొడిగించరు. చదువు మధ్యలోనే తుపాకీ ఇచ్చి, ఆఫ్రికా వలసల్లో జరిగే యుద్ధానికి, అంగోలాకో గినియాకో ఓడెక్కిస్తారు. ఎదురింటి కుర్రాడు అలాగే వెళ్ళి ఒంటికాలితో వచ్చాడు. రోజంతా కిటికీలో కూర్చుని, దారిన పోయేవాళ్ళ కాళ్ళకేసి చూస్తుంటాడు. ఇప్పుడు అడెలీనో చేతిలో ఉన్న జాబితాలో నలభై మూడో పేరు అతని ఒక్కగానొక్క కొడుకు రమీరోది.

నిన్న పరీక్ష తీసుకునే ప్రొఫెసర్ సెకైరా గారు పక్కకు పిలిచి చెప్పారు. “మీవాణ్ణి గుమ్మం దాటి రమ్మను, అడెలీనో. నోరు విప్పక్కర్లేదు. మిగతాది నేను చూసుకుంటా.”

భోజనాల దగ్గర అదే మాట చెబితే, రమీరో సూపులో రొట్టె ముంచుకుంటూ, “సరేలే నాన్నా, ముందు తిను” అన్నాడు. వాడు ఒప్పుకున్నాడనే అనుకుని వాళ్ళమ్మ ఓతీలియా తెల్లచొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది. పొద్దున వాడు ఆ చొక్కాయే తొడుక్కున్నాడు. అడెలీనోకు ప్రాణం లేచొచ్చింది.

నలభై రెండో పేరు మూడోసారి పిలుస్తుంటే గొంతు జీరపోయింది.

“మెల్లగా, అడెలీనో బాబాయ్!” అంది గోడవారనున్న ఒక పిల్ల. “మేమిక్కడే ఉన్నాంగా!”

“ఉన్నదానివి పలికి చావొచ్చుగా?”

“అమ్మో! పలికితే వీళ్ళంతా నన్ను వెలేస్తారు!”

వరండా అంతా గొల్లుమంది. రమీరో ఒక్కడే నవ్వలేదు. స్తంభం పక్కన నిలబడి, అంగీ సందులోంచి తెల్లచొక్కా కాలరు కనబడుతుంటే, బూట్లకేసి చూసుకుంటున్నాడు.

“రమీరో వాల్వెర్దె!”

నవ్వులు ఆగిపోయాయి. రెండోసారి పిలిచాడు. మూడోసారి కూడా పిలిచాడు. వాడు తలెత్తలేదు.

సెకైరా గారు గుమ్మం దాకా వచ్చి అడెలీనో చెవిలో అన్నారు. “కళ్ళెదురుగా ఉన్నాడుగా. వచ్చాడని రాసెయ్యవయ్యా.”

అడెలీనో కలం కాగితం మీద పెట్టాడు. రాస్తే మధ్యాహ్నం ఈ జాబితా తలుపుకు అంటిస్తారు. అందరూ చదువుతారు. వీడి మొహాన ఉమ్మేస్తారు. ఉమ్మితే ఉమ్మనీ! ఉమ్మి కడిగేస్తే పోతుంది, కాలు పోతే వస్తుందా? అంతా తెలుసు, అయినా చెయ్యి కదల్లేదు. వాడి నోటితో వాడు ఊఁ అనకుండా రాయడానికి అతనికి మనసొప్పలేదు.

తన సర్వీసులో ఎవర్నీ పిలవని విధంగా, అతను కొడుకుని నాలుగోసారి పిలిచాడు. ఇంట్లో పిలిచినట్టే పిలిచాడు.

“నాన్నా, రమీరో... లోపలికి రారా.”

రమీరో తలెత్తాడు. కళ్ళనిండా నీళ్ళు.

“రమీరో లేడు నాన్నా” అన్నాడు. “రాలేదని రాసుకో.”

అడెలీనో రాశాడు. అలవాటుపడ్డ చెయ్యి కదా, అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి. ఆ తర్వాత ఇంకా ఆరు పేర్లున్నాయి. ఒక్కొక్కటీ మూడుసార్లు పిలిచాడు.

తాళం వేసి బయటికొచ్చేసరికి రమీరో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లేచి తండ్రి చేతిలోని తాళాల గుత్తి అందుకున్నాడు. అడెలీనో ఇచ్చేశాడు.

“కోపమా నాన్నా?”

“కోపానిక్కూడా ఓపికుండాలిగా. మీ అమ్మకు నువ్వే చెప్పుకో. నా వల్ల కాదు.”

“చెప్తాను.”

వీధి మలుపు దాకా నడిచారు. అక్కణ్ణుంచి ఎదురింటి కిటికీ కనబడుతుంది. అడెలీనో కొడుకు మోచెయ్యి పట్టుకుని, వెనక సందులోకి తిప్పాడు.