నేను కాదు, రత్నం!

నేను ఒక మాటల పెట్టెను. నా ఒంటి మీద ఎనిమిది గళ్ళు, గడికో బొమ్మ. గడి నొక్కితే అందులో దాచిన మాట బయటికొస్తుంది. నాకంటూ గొంతు లేదు, ఎవరు అరువిస్తే వాళ్ళదే నాది. అయినా చూసినవాళ్ళంతా "పెట్టె ఎంత బాగా మాట్లాడుతోందో!" అని నన్నే మెచ్చుకుంటారు. నేనూ కాదనను.

ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, అట్టపెట్టెలో ఊళ్ళు దాటి, అనకాపల్లిలో వరహాలమ్మ ఇంటికి చేరాను. ఆమె కొడుకు సింహాద్రికి అన్నీ అర్థమవుతాయి కానీ నోట మాట రాదు. పిల్లాడి మాటలు పిల్లల గొంతులోనే ఉండాలని వాడికి నేర్పే టీచరమ్మ చెప్పడంతో, వాడి చెల్లెలు రత్నాన్ని నా ముందు కూర్చోబెట్టారు. "అమ్మా", "నీళ్ళు", "ఇంకొంచెం పెట్టు", "బయటికెళ్దాం"... బళ్ళో పాఠం అప్పజెప్పినంత శ్రద్ధగా చెప్పింది. చివరి గడిలో మాత్రం అన్నయ్యను నవ్వించడానికి ఒక మాట దాచింది: "నేను కాదు, రత్నం!"

ఇక చూడాలి వాడి సంబరం. పాలు ఒలికినా, గిన్నె దొర్లినా, ఆఖరికి కరెంటు పోయినా బొటనవేలు బరువుగా ఆ గడి మీదే పడేది. తన గొంతుతో తన మీదే చాడీలు చెప్పించుకున్న పిల్లను నేనెక్కడా చూడలేదు. "నా గొంతు నాకిచ్చీ, అన్నియ్యా!" అని రత్నం అరిస్తే, వాడు పడీపడీ నవ్వేవాడు.

వానాకాలంలో వాడికి జ్వరం వచ్చింది. ఆసుపత్రికి నన్ను కూడా తీసుకెళ్ళాడు. తిరిగి నేనొక్కదాన్నే వచ్చాను.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. పెరట్లోంచి రత్నం "అమ్మా, నీళ్ళు" అంటే చాలు, వరహాలమ్మ చేతిలో పని వదిలేసి సింహాద్రి మంచం దగ్గరికి పరిగెత్తేది. ఖాళీ మంచం చూసి, చీరచెంగు నోట్లో కుక్కుకుని కూలబడేది. రత్నం గుమ్మంలో నిలబడిపోయేది. ఆ పిల్ల నోరు తెరిస్తే పోయినవాడు పిలిచినట్టే ఉండేది.

రత్నం ముందు "అమ్మా" అనడం మానేసింది. తరవాత దాహమేస్తే తనే ముంచుకుంది. అన్నం చాలకపోతే కంచం జరిపింది. బళ్ళో గలగలా మాట్లాడే పిల్లకు గుమ్మం దాటగానే నోరు పడిపోయేది. అల్మారా మీంచి అంతా చూస్తూ భయపడ్డాను. ఈ ఇంట్లో దెయ్యమంటూ ఉంటే అది నేనే.

ఒక సాయంత్రం రత్నం బడి నుంచి వచ్చి, కళ్ళు తిరిగి అన్నయ్య మంచం మీదే వాలిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. చాలాసేపు పళ్ళు బిగించుకుంది. ఆఖరికి ఆపుకోలేక, "అమ్మా!" అనేసింది.

వరహాలమ్మ పరిగెత్తుకొచ్చింది. "వచ్చీసినావా, సిమ్మాద్రీ!"

మంచం మీద కూతురుంది. ఆమె కళ్ళు మాత్రం ఆ పిల్లను దాటి ఇంకెవరినో వెతుకుతున్నాయి. రత్నం మెల్లగా లేచి, పక్కనున్న అల్మారా మీంచి నన్ను దించి, చివరి గడి నొక్కింది.

"నేను కాదు, రత్నం!"

నా సెల్లులు ఎప్పుడో నీరసించాయి. గొంతు గీరుకుపోయి, ఆ మాటతోనే ఆగిపోయాను. కొడుకు చెప్పాడనే నమ్మిందో ఏమో, వరహాలమ్మ కూతురి నుదుటి మీద చెయ్యి వేసి అదిరిపడింది.

"ఇంత జొరం ఎట్టుకుని ముందే పిలవనేదేటే?"

"పిలిస్తే అన్నియ్యనుకుంటావు కదా."

ఆమె పిల్లను గుండెకు హత్తుకుని ఏడ్చింది. "ఇంకోపాలి పిలు, తల్లీ. నీకే పలుకుతాను."

"అమ్మా."

"ఏటి, రత్నం?"