అత్తయ్య గీసిన గీత

ఎక్కడ ఇళ్లుండాలో, ఎక్కడ షాపులు పెట్టుకోవచ్చో తేల్చే జోనింగ్ నిబంధనల్ని మార్చబోతున్నారనీ, ఈసారి జనాన్నే అడుగుతారనీ తెలిసిన రోజు నుంచీ మా అత్తయ్య కాలు ఒక్కచోట నిలవలేదు. మా ముందుగదే ఆవిడ టైలరింగ్ షాపు. మున్సిపల్ కార్యాలయం గోడకి అంటించిన ముసాయిదా మ్యాపు చూసొచ్చి, "మనం షాపుల జోన్‌లోనే ఉన్నామే, దిగుల్లేదు" అని వీధంతా చాటింది.

ఆ మ్యాపులో మా వీధి రెండు గీతల మధ్య ఉంది. బట్ట మీద అలాంటి గీతలుంటే లోపలిది కుట్టుకి, బయటిది కత్తెరకి. మధ్యలో ఉన్నదంతా మన బట్టే. ఆవిడ మ్యాపునీ అలాగే చదివింది. నేనూ తలూపాను, నా బుద్ధి గడ్డి తిన్నట్టుంది.

మీటింగు రోజు స్కూలు హాల్లో నేలంతా మ్యాపు పరిచారు. చెప్పులు విప్పి అందరం దాని మీద తిరుగుతుంటే నాకు భలే హుషారుగా అనిపించింది. అంతలో ప్లానింగ్ ఆఫీసరమ్మాయి వచ్చి, "ఆ గీతల మధ్య షాపులు కుదరవండీ. మార్కెట్ రద్దీ ఇళ్లకి తగలకుండా వదిలిన జాగా అది" అంది.

అత్తయ్య మొదట తన పొరపాటుకి తనే నవ్వింది. తర్వాత, "అయితే నా షాపు మూసేయాలా తల్లీ?" అని అడిగింది.

"అది తేల్చడానికేగా పిలిచాం. మీ వీధిలో అన్ని ఇళ్లవాళ్లూ ఒప్పుకుని ఈ మ్యాపు మీద పచ్చకాగితాలు పెడితే, గీత జరిపి కౌన్సిల్‌కి పంపుతాం."

ఇక చూడాలి మా వీధివాళ్ల హడావిడి. ఒకరి కాళ్లకి ఒకరు అడ్డం పడుతూ పచ్చకాగితాలు పెట్టేశారు. ఎదురింటి రిటైర్డ్ బస్సు డ్రైవరు మాత్రం తన కాగితం చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. అత్తయ్య కుట్టుమిషన్ చప్పుడు గురించి ఆయన సణగని రోజు లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోతే అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మధ్యాహ్నం కాసేపు పడుకుంటానమ్మా. ఆ చప్పుడుకి కన్ను మూతపడదు" అన్నాడాయన.

"మీరు పడుకుంటారని నాతో ఎప్పుడూ అనలేదే. అప్పుడు గుండీలు, కాజాలు పెట్టుకుంటాలెండి. అది చేతి పనే."

ఆయన వంగి, మా ఇంటి పక్కనే కాగితం పెట్టాడు. హాలంతా చప్పట్లు. ఆఫీసరమ్మాయి ఎర్ర స్కెచ్‌పెన్ను అత్తయ్య చేతికిచ్చి, "కొత్త గీత మీరే గీయండి" అంది. రోజూ ఇతరుల బట్టల మీద గీతలు గీసే అత్తయ్య మ్యాపు మీదకి వంగి గీయడం మొదలుపెట్టింది. గీత మా ఇంటినీ మిగతా ఇళ్లనీ షాపుల జోన్‌లో కలుపుకుని, వీధి దాటి, ఎదురింటి చుట్టూ తిరిగి ఆగింది.

"నా ఇల్లు కూడా కలిపేశావేంటమ్మా?" అన్నాడు డ్రైవరు.

"మిమ్మల్నొక్కరినీ బయట వదిలేయడానికి చెయ్యి రాలేదన్నయ్యా."

ఇన్నేళ్లలో ఆవిడ ఆయన్ని అలా పిలవడం అదే మొదలు. ఆయన ఆ గీత వంక చూసి, "ఉండనివ్వండి మేడమ్" అన్నాడు ఆఫీసరమ్మాయితో. ఆయన్ని మనసులో తిట్టిన తిట్లన్నీ అక్కడికక్కడే వెనక్కి తీసుకున్నాను, ఒక్కటి తప్ప.