ఆధారాలు లేని మొదటి వాక్యం

అన్నయ్యకు చూపు పూర్తిగా పోయిన తరువాత, ప్రతి ఉదయం ఫోనులో, చూసినదాన్ని వర్ణిస్తూ రాసిన ఒక పేరా చదివి వినిపించే బాధ్యత నేను స్వీకరించాను. ఆయన కోర్టులో సాక్షులను ముప్పుతిప్పలు పెట్టిన వకీలు. నేను కళాశాలలో ఇంగ్లీషు బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. వర్ణనకు సంబంధించి నా నియమం ఒక్కటే: మొదటి వాక్యం ఒక మాట ఇస్తుంది, తక్కిన వాక్యాలు కళ్లకు కట్టే వివరాలతో ఆ మాటను నిలబెట్టాలి. "అందమైన తోట" అని రాసిన విద్యార్థిని లేపి, ఆ అందం ఏ మూల ఉందో చూపించమనేవాణ్ణి.

అన్నయ్యకు నా వీధిని అలాగే చూపించాను. ఇస్త్రీ షాపు బల్ల కదలకుండా కాలి కింద పెట్టిన చెక్కముక్కను, వాన వెలిశాక ఎదుటి గోడ మీద ఆరీ ఆరని తడిని ఆయన తృప్తిగా విన్నాడు.

"వీధి చాల్లే. నీ గది చూపించరా," అన్నాడు ఒకనాడు.

నా భార్య పోయిన తరువాత నేను మారిన ఈ అద్దె గదిని ఆయన ఎన్నడూ చూడలేదు. తన ఇంటికి వచ్చి ఉండమని అడిగినప్పుడల్లా, ఇక్కడ నాకు మనుషులకు కొదవ లేదని చెబుతూ వచ్చాను. ఒకరి పంచన చేరడం నా స్వభావానికి సరిపడదు. గది బోసిగా ఉన్నదని తెలిస్తే ఆయన ఇక ఊరుకోడు.

కనుక, "నా గది ఎప్పుడూ నలుగురితో కళకళలాడుతూ ఉంటుంది," అని ప్రారంభించాను. తరువాతి వాక్యాలను మాత్రం అలవాటు కొద్దీ ఉన్నది ఉన్నట్టే రాశాను. మర్నాడు ఉదయం నిదానంగా చదివి వినిపించాను.

"భేషుగ్గా ఉంది. రెండో కుర్చీ మీద ఏమున్నాయన్నావు?"

"పాత పేపర్లు."

"ఎంత ఎత్తున?"

"వీపు ఆనించే చెక్క దాకా."

"మరి వచ్చిన నలుగురూ ఎక్కడ కూర్చుంటార్రా? నీ ఒళ్లోనా?"

వెనుక నుంచి వదిన నవ్వింది. "పొద్దున్నే తెరిచారా కోర్టు? మీరేం జవాబు చెప్పకండి, మరిదిగారూ."

"చెప్పాల్సిందే. సింకు పక్కన బోర్లించిన కప్పు ఒకటే అన్నావు. మిగతావి?"

"బీరువాలో ఉన్నాయి అన్నయ్యా."

"బయటికి తీసి ఎన్నాళ్లయింది?"

నేను బీరువా గాజు తలుపు వైపు చూశాను. కప్పులు ఒకదానిలో ఒకటి కూర్చుని ఉన్నాయి.

"తలుపు గంట మీట మీద దుమ్ముందని కూడా నువ్వే చెప్పావు, నేనడగలేదు," అన్నాడు. "నీ సాక్షులంతా నీకే ఎదురు తిరిగార్రా తమ్ముడూ." గొంతు తగ్గించాడు. "వచ్చెయ్యరాదూ? ఇక్కడ ఏదెలా ఉందో నాకు చెప్పేవాడు లేడు. మీ వదిన్ని అడిగితే, బాగానే ఉంది అంటుంది."

"బాగానే ఉన్నదాన్ని ఇంకేమనాలి?" అన్నది వదిన.

"ఆలోచిస్తాను," అన్నాను.

"ఆలోచించు. ఆ పేరా మాత్రం రేపటికి సరిగ్గా రాసుకురా."

ఫోను పెట్టేసి, కుర్చీ మీది పేపర్లు దింపాను. బీరువాలోని ఒక కప్పు తీసి, కడిగి, నా కప్పు పక్కన బోర్లించాను. దాని నీరు ఆరేదాకా అక్కడే నిలబడ్డాను. ఇటువంటి దొంగ వివరాన్ని ఏ విద్యార్థి రాసినా నేను ఇట్టే పట్టుకునేవాణ్ణి. కప్పును బీరువాలో పెట్టి, పేపర్లను మళ్లీ కుర్చీ మీదికి ఎక్కించాను.

తరువాత కాగితం ముందు కూర్చుని మొదటి వాక్యం కొట్టివేశాను. దాని స్థానంలో, "ఈ గదికి ఎవరూ రారు," అని రాశాను. దాని కింద దేనినీ మార్చవలసిన అవసరం కలగలేదు.

మర్నాడు అది విన్న అన్నయ్య ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఫోను వదిన అందుకున్నది.

"మా ఇంట్లో మీ కుర్చీ ఎక్కడ వేయించమంటారు? తలుపు దగ్గరా, కిటికీ పక్కనా?"

పేపర్లు ఎక్కించిన రెండో కుర్చీ వైపు ఒకసారి చూశాను.

"కిటికీ పక్కన, వదినా," అన్నాను. "ఆయనకు చెప్పడానికి ఏదైనా కనిపించాలి కదా."