గాజు సామాను ఆఖర్న

నాకు చేతులు తిప్పకుండా తిట్టడం రాదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ ఆదివారం జరిగిందంతా దీనివల్లే జరిగింది. వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ గాలికి తలుపు పడిందనే చెప్పుకున్నాం. చెప్పుకోవడం వేరు, రాసేటప్పుడు కూడా గాలి మీదికి నెట్టేస్తే నాకే సిగ్గుగా ఉంటుంది.

మా ఆయన ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోసే కంపెనీలో మేస్త్రి. ఆయన చేతికింద ఆరుగురు మనుషులు, ఒక వ్యాను. మెట్లమీద తిరగని బీరువాల్ని పై అంతస్తు నుంచి తాళ్ళతో దింపేటప్పుడు పైన నిలబడి తాడు వదిలేది ఆయనే. మనిషి భారీ. పనివాళ్ళు చాటుగా ఆయన్ని ఫ్రిజ్ అంటారు, ఆయనకీ తెలుసు, ఏమీ అనరు. అసలు దేనికీ ఏమీ అనరు. మా ఇంటికి రావాల్సిన మాటలన్నీ నా వాటాకే వచ్చాయి.

ఆయన పనిలో ఒక సూత్రం ఉంది. గాజు సామాను ఆఖర్న దించాలి, అదీ మనిషి చేతుల్లోనే దించాలి. మిగతావన్నీ వ్యానులో సర్దుకుని, తాళ్ళు బిగించుకుని, అప్పుడు ఇంటావిడ చేతుల్లో అద్దమో దీపమో పట్టుకుని దిగి ముందు సీట్లో కూర్చోవాలి. పాప పుట్టాక ఈ సూత్రం మా ఇంట్లోకి కూడా వచ్చేసింది. టీకాలకి తీసుకెళ్ళినా సరే, ముందు సంచులు, ఆ తర్వాత గొడుగు, ఆఖర్న పాప.

పాపకి నాలుగు నెలలు. దానికి రిజిస్టర్లో మంచి పేరే ఉంది గానీ, బుగ్గలు చూసినవాళ్ళెవరికీ ఆ పేరు నోట రాదు, అందరికీ అది బుడంకాయే. దాని కోసం మా ఆయన చుట్టూ కటకటాలున్న చిన్న మంచం ఒకటి చేస్తున్నారు. మూడు వైపులూ అయ్యాయి. నాలుగోది నెల రోజులుగా హాల్లో గోడకి చేరబడి ఉంది. ఊళ్ళోవాళ్ళ మంచాలన్నీ విప్పి, మోసి, మళ్ళీ బిగించి వస్తారు గానీ సొంత కూతురి మంచానికి నాలుగు మేకులు కొట్టడానికి ఈయనకి తీరదు. ఈ మాట నేను రోజుకి రెండుసార్లకి తక్కువ కాకుండా అనేదాన్ని. అందాకా పాప మా పెద్ద మంచం మీదే పడుకునేది.

ముందురోజు శనివారం, బుడంకాయ మొదటిసారి బోర్లా పడింది. నేను ఆనందం పట్టలేక ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. అందరు నాన్నలూ అయితే ఏం చేస్తారు, ఓ బొమ్మ పట్టుకొస్తారు. ఈయన సాయంత్రం వ్యానులోంచి నాలుగు బొంతలు మోసుకొచ్చారు. ఫ్రిజ్‌లకీ బీరువాలకీ చుట్టే బొంతలు, ఎన్ని ఇళ్ళ దుమ్ము తాగాయో వాటికే తెలియాలి. వాటిని మంచం పక్కన నేలమీద పరిచేశారు.

"బోర్లా పడిందంటే ఇక దొర్లుతుంది," అన్నారు.

"ఇది ఇల్లా, గోడౌనా? పాపకి దగ్గు పట్టిందంటే ఎవరు చూస్తారు, మీరా?" అని నేను ఆ నాలుగింటినీ ఈడ్చుకెళ్ళి బాల్కనీలో పడేశాను.

ఆదివారం పొద్దున చెరువు పక్క పార్కుకి వెళ్ళాలని అనుకున్నాం. పురుడు అయ్యాక నేను గడప దాటింది ఆస్పత్రికే. నాలుగు నెలల తర్వాత మొదటిసారి, ఏ జబ్బూ ఏ టీకా లేకుండా, ఊరికే బయటికి వెళ్తున్నాం. తలారా స్నానం చేశాను, ఒంటికి పట్టే జాకెట్టు వెతికి మంచి చీర కట్టుకున్నాను. ఆయన కంపెనీ వ్యాను అడిగి తెచ్చారు. రెండు గంటల షికారుకి పద్నాలుగు సామాన్లు తేల్చి, వాటికి అంకెలు కూడా వేశారు. తమాషాకి కాదు, నిజంగానే చీటీలు అంటించారు.

ఆయన ఆఖరి సంచి తీసుకుని దిగారు. మాది మూడో అంతస్తు, పైన ఇక మేడే. నేను వంటింట్లో పాలసీసా కడిగి మూత బిగిస్తున్నాను. బుడంకాయ పడగ్గదిలో మంచం మధ్యన, అటొక దిండు ఇటొక దిండు మధ్య కాళ్ళాడిస్తోంది. బట్టలు ఆరేసి ఉండటంతో బాల్కనీ తలుపు బార్లా తెరిచే ఉంది. అప్పుడు కిందనుంచి ఆయన గొంతు వినబడింది.

"ఏమే, ఆ నీలం తొట్టి కూడా తెస్తావా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. గుమ్మం దాటి, ఎడం చేత్తో తలుపు పిడి పట్టుకుని, మెట్ల వైపు వంగాను. "తొట్టెందుకండీ? పార్కులో దానికి తలంటు పోస్తారా?" అన్నాను. ఇక్కడిదాకా తలుపు నా చేతిలోనే ఉంది. "మనం వెళ్ళేది షికారుకి, కాపురం పెట్టడానిక్కాదు" అనేసరికి తలుపు పట్టుకున్న ఆ ఎడం చెయ్యి కూడా లేచింది. వెనకాల టక్కున చప్పుడైంది.

ఆ తాళం కిందటి ఆదివారమే ఆయన బిగించారు. పాత గడియ వదులైపోయిందని నేనే పోరాను. తలుపు మూస్తే చాలు, దానంతటదే పడిపోయే రకం. తాళంచెవులు మూడు. ఎక్కడపడితే అక్కడ పారేస్తున్నారని మూడింటినీ తలుపు వెనక ఒకే కొక్కేనికి తగిలించమన్నదీ నేనే. ఇప్పుడు ఆ మూడూ లోపల ఉన్నాయి. బుడంకాయా లోపలే ఉంది, నిన్ననే దొర్లడం నేర్చుకుని, ఎత్తయిన మంచం మీద.

మా ఆయన మూడంతస్తులూ ఎలా ఎక్కారో తెలియదు. నేను నోరు తెరిచేలోపే, చప్పుడుకి బయటికొచ్చిన ఎదురింటి టైలరక్కతో, "గాలికి పడిందక్కా తలుపు, పాప లోపలుంది" అన్నారు. నేనూ ఆ మాటే పట్టుకున్నాను. అవును, గాలికే, అన్నాను.

భుజంతో రెండుసార్లు గుద్దారు. తలుపు కదల్లేదు. "నేనే బిగించాను కదే, ఊడదు" అన్నారు, మొహం తెల్లగా పాలిపోయి. టైలరక్క తాళాలవాడికి ఫోన్ చేస్తే రావడానికి గంట పడుతుందన్నాడు. గంటసేపు దొర్లకుండా ఉండమని నాలుగు నెలల పిల్లకి ఎవరు చెప్తారు?

"బాల్కనీ తలుపు తీసే ఉందా?" అని అడిగారు.

"ఉంది."

"నువ్వు దానితో మాట్లాడుతూ ఉండు. నీ గొంతు వింటే కదలదు." అంతే చెప్పి మళ్ళీ మెట్లు దిగిపోయారు. వ్యానులోంచి తాడు చుట్ట భుజాన వేసుకుని, ఆయాసపడుతూ నన్ను దాటుకుని మేడ ఎక్కారు. టైలరక్క వెనకాలే వెళ్ళబోయి, నన్ను చూసి ఆగిపోయింది. పదిహేనేళ్ళుగా ఈయన బీరువాల్ని తాడుతో దింపారు గానీ, తాడు కింది కొసన ఆయన ఎప్పుడూ లేరు.

నేను చీర సంగతి మరిచిపోయి గుమ్మం ముందు బోర్లా పడుకున్నాను. తలుపు కింద సందులో చెంప ఆనించాను. లోపల కాళ్ళు తుడుచుకునే పట్టా అడ్డం, ఏమీ కనపడదు. ఊ, ఊ అని దాని కూతలు మాత్రం వినిపిస్తున్నాయి. ఏం మాట్లాడాలో తోచలేదు. జోలపాటలు నాకు రెండు లైన్లకి మించి రావు. అందుకని నాకు వచ్చిందే మొదలుపెట్టాను.

"బుడంకాయా, కదలకు. మీ నాన్న ఏం చేశారో చెప్తాను విను. మంచానికి నాలుగో వైపు పెట్టమంటే పెట్టారా? లేదు. పార్కుకి తొట్టి తెమ్మంటారా? తెమ్మంటారు. పద్నాలుగు సామాన్లమ్మా, పద్నాలుగు. నీ టోపీకి కూడా చీటీ అంటించారు." అది లోపల్నుంచి జవాబు చెప్పినట్టు ఊకొట్టింది. పుట్టకముందు నుంచీ వింటున్న గోలే కదా దానికి. నేను ఊపిరికి ఆగితే రాగం తీస్తోంది, మళ్ళీ తిట్టడం మొదలుపెడితే ఊరుకుంటోంది. దాంతో ఆపడానికి లేకపోయింది. ఫ్యాను నుంచి పంపు దాకా, పెళ్ళినాటి నుంచి మొన్నటిదాకా, ఆయన చేయని పనులన్నీ వరసగా చెప్పుకుంటూ పోయాను. కళ్ళనుంచి నీళ్ళు కారిపోతున్నాయి, నోరు మాత్రం ఆగలేదు.

అప్పుడు దబ్బుమని వినబడింది.

పెద్ద చప్పుడేం కాదు. మెత్తగా, మూట జారినట్టు. ఆ తర్వాత ఏమీ లేదు. ఊ లేదు, ఏడుపు లేదు. ఆ మంచం ఎత్తు నాకు తెలుసు, కింద నేల గచ్చు. ఆ బొంతల్ని నా చేతులతోనే ఈడ్చి అవతల పారేశాను. నా బిడ్డని నేనే చంపుకున్నాను అనుకున్నాను. ఇంతకన్నా మంచి మాటలో చెప్పడం నాకు చేతకాదు.

"మాట్లాడమ్మా," అంది టైలరక్క, నా వీపు మీద చెయ్యి వేసి. "ఆపకు. మాట్లాడు."

"బుడంకాయా," అన్నాను. "మీ నాన్న, మీ నాన్న..." తిట్టడానికి ఒక్కటీ గుర్తు రాలేదు.

బాల్కనీ వైపు ధబీమని ఇంకో చప్పుడైంది, ఇది ఆయన బరువే. పరుగెత్తే అడుగులు పడగ్గది దాకా వినబడ్డాయి. అక్కడ ఆగిపోయాయి. ఎంతసేపు ఆగాయో నాకు తెలియదు.

"ఏమండీ," అని పిలిచాను. "ఏమండీ."

తాళం తిరిగింది. తలుపు తెరుచుకుంది. ఆయన భుజం మీద బుడంకాయ, నోట్లో ఏదో దారప్పోగు పెట్టుకుని చీకుతూ, నన్ను చూసి నవ్వింది.

నేను లాక్కున్నాను. తల తడిమాను, చేతులు, కాళ్ళు, వీపు, మళ్ళీ తల. ఎక్కడా ఏమీ లేదు. దాన్ని ఎత్తుకునే పడగ్గదిలోకి వెళ్ళాను. మంచం పక్కన, గోడ లేని వైపు, నాలుగు బొంతలూ ఒకదానిమీద ఒకటి పరిచి ఉన్నాయి. వాటి మీద ఒక దిండు పడి ఉంది.

"కింద ఉంది," అన్నారు ఆయన, ఇంకా ఆయాసపడుతూనే. "ఏడవట్లేదు. తల ఎత్తి గుమ్మం వైపు చూస్తోంది, నువ్వు మళ్ళీ ఎప్పుడు మొదలుపెడతావా అని."

"ఇవి ఎప్పుడు వేశారు?"

"ఇందాక. ఆఖరి సంచి కోసం వచ్చినప్పుడు. నువ్వు వంటింట్లో ఉన్నావు."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆయన అరచేతుల వైపు చూసుకున్నారు. తాడు ఒరుసుకుని రెండు చేతులూ చర్మం లేచిపోయి ఎర్రగా ఉన్నాయి.

"తిడతావని," అన్నారు.

నా బిడ్డకి దెబ్బ తగలకుండా ఆపింది ఆ బొంతలు. వాటిని నా కళ్ళుగప్పి, దొంగలాగా పరచాల్సి వచ్చింది నా నోటివల్ల. ఆ ఒక్క మాట నన్ను గుద్దినంత గట్టిగా ఆయన తలుపుని కూడా గుద్దలేదు. మందు తెచ్చి ఆయన చేతులకి రాసి కట్లు కట్టాను. టైలరక్క ముగ్గురికీ టీ పెట్టి ఇచ్చి, తాళంచెవి ఒకటి తన దగ్గర ఉంచుకుని మరీ వెళ్ళింది.

ముందు ఆస్పత్రిలో పాపని చూపించాం. డాక్టరమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, భేషుగ్గా ఉంది, మీరిద్దరే బాగాలేరు అంది. ఇంటికి పోదామా అని ఆయన అడిగారు. పార్కుకే పోదాం అన్నాను. పద్నాలుగు సామాన్లలో పదమూడు వ్యాను దిగనే లేదు. దించింది పాపని, దాని దుప్పటిని, ఇంకా నేను ఆఖరి నిమిషంలో చుట్టి తెచ్చిన ఒక బొంతని. చెరువు గట్టున గడ్డి మీద అది పరిచి, మధ్యన బుడంకాయని పడుకోబెట్టాం. నాలుగు నెలలుగా నేను ఎదురుచూసిన షికారు అంతా అది నిద్రపోయింది.

ఆయన కట్లు కట్టిన చేతులు ఒళ్ళో పెట్టుకుని నీళ్ళ వైపు చూస్తున్నారు. ఇక నాకు లోపల ఆగలేదు.

"ఒక మాట చెప్పాలి. తలుపు గాలికి పడలేదు. నా చేతిలోనే ఉంది. మిమ్మల్ని తిట్టడానికి వదిలేశాను."

"తెలుసు," అన్నారు.

"ఏం తెలుసు?"

"మెట్ల సందులోంచి కనపడుతున్నావు కదా. ఒక చెయ్యి తిప్పుతున్నంతసేపూ పర్లేదనుకున్నాను. రెండోది కూడా కనపడేసరికి పరుగెత్తాను. అప్పటికే టక్‌మంది."

ముందునుంచీ తెలుసన్నమాట. మూడంతస్తులు పరుగెత్తుకుంటూ వస్తూ, బిడ్డ లోపల ఉండగా, ఈ మనిషి నా కోసం ఒక అబద్ధం సిద్ధం చేసుకుంటూ వచ్చారు.

"మరి గాలి అన్నారేం అక్కతో?"

"గాలి కూడా ఉంది కదా," అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఏదో ఒకటి అనాలని రెండు చేతులూ లేపాను. లేచిన చేతులు ఊరికే ఉండకుండా పాప మీద దుప్పటి సర్దాయి.

"సాయంత్రం ఆ నాలుగో వైపు బిగిస్తాను," అన్నారాయన.

"ఈ చేతులతోనా? పనివాళ్ళని పిలవండి," అన్నాను. "లేదా మేకులు మీరు చూపించండి, నేను కొడతాను."