ఆరువందల పన్నెండు ఫిర్యాదులు

మా ఆఫీసులో నన్ను లినక్సు అత్తయ్య అంటారు. నా ఎదురుగా అనరు కానీ, కాఫీ మిషన్ దగ్గర నా చెవిన పడనే పడింది. అక్కడున్న అందరికన్నా వయసులో పెద్దదాన్ని, అడిగినా అడగకపోయినా తప్పులు పడతాను కాబట్టి అత్తయ్యనే అనుకోండి. ఆ లినక్సే ఇప్పుడు నా పీకల మీదికి తెచ్చింది.

మా కంపెనీ చేసేది ఒకే ఒక్క ఆట. రైల్వే యార్డు ఆట. గూడ్సు బండి వస్తుంది, దాని వ్యాగన్లు విడదీసి ఏ ఊరికి పోయేవి ఆ పట్టాల మీదికి చేర్చాలి. తుపాకులు లేవు, తొందర లేదు. ఓపికున్నవాళ్ళు ఆడతారు. కంప్యూటర్లలో ఎక్కువభాగం విండోస్‌తో నడుస్తాయి కాబట్టి ఆట ముందు వాటికే తయారవుతుంది. లినక్సుతో నడిచే కంప్యూటర్ల కోసం అదే ఆటను విడిగా తయారుచేయడం నా పని. పదకొండేళ్ళుగా అదే చేస్తున్నాను. మొదట్లో ముగ్గురం ఉండేవాళ్ళం. ఒకాయన వేరే కంపెనీకి పోయాడు, ఇంకొకామె ఈ కంప్యూటర్ల మొహం మళ్ళీ చూడనని చెప్పి తేనెటీగల పెంపకంలో దిగింది. గొడ్డుచాకిరీ అంతా నాకు మిగిలింది. విండోస్ ఆట చేసేవాళ్ళు అందులో ఒక సిగ్నల్ స్తంభాన్ని అటు నుంచి ఇటు జరిపితే నాకు మూడు రోజుల పని.

కొత్తగా వచ్చిన మేనేజరుకు నేను పెట్టుకున్న పేరు శాతాల సారు. నాకంటే పదిహేనేళ్ళు చిన్న, మర్యాదస్తుడు, కోపం రాదు. కోపం వచ్చే మనిషితో అయితే పోట్లాడి తేల్చుకోవచ్చు. ఈయన తెర మీద ఒక బొమ్మ చూపించి ఊరుకుంటాడు. ఆ సోమవారం నన్ను తన గదిలో కూర్చోబెట్టి రెండు గీతలున్న బొమ్మ చూపించాడు.

"చూడండి మేడమ్. ఆడేవాళ్ళలో లినక్సు వాళ్ళు మూడు శాతం. వచ్చే ఫిర్యాదుల్లో వాళ్ళవి నలభై శాతం."

"అయితే?"

"అయితే ఏముంది, మీరు చేసే ఆటలోనే లోపాలు ఎక్కువని అనుకోవాలి కదా. వచ్చే ఏడాది నుంచి లినక్సుకి ఆపేద్దామంటున్నారు పైవాళ్ళు."

"మరి నా సంగతి?"

"మిమ్మల్ని ఎక్కడో ఒకచోట సర్దుతాం లెండి."

పాత బీరువా గురించి మాట్లాడినట్టు మాట్లాడాడు. నాకు ఒళ్ళు మండింది.

ఆ నలభై శాతం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఆటగాళ్ళు ఫిర్యాదు రాసే ఫారం నేనే తయారుచేశాను, తొమ్మిదేళ్ళ కిందట. అందులో మొదటి ప్రశ్న, మీ కంప్యూటర్ దేనితో నడుస్తుంది, విండోసా, లినక్సా అని. లినక్సు వాళ్ళ ఫిర్యాదులు ముందుగా నా కంటపడాలని పెట్టాను. వాళ్ళంటే నాకు అంత ముద్దు. డాక్టరుకి రోగం చెప్పుకున్నట్టు రాస్తారు వాళ్ళు, ఎప్పుడు మొదలైంది, ఏం చేస్తే ముదురుతుంది, ఏం చేస్తే తగ్గుతుంది అన్నీను. విండోస్ వాళ్ళు 'ఆట పాడైంది' అని ఒక్క ముక్క రాస్తారు, లేదా అదీ రాయరు. రాసే అలవాటున్నవాళ్ళు ఎక్కువ రాశారు, అంతే. వీళ్ళ ఆటలో వ్యాగను గాల్లో తేలిందంటే అది విండోస్‌లోనూ తేలే ఉంటుంది.

ఈ మాటే శాతాల సారుకి చెప్పాను. "లెక్కలు చూపించండి మేడమ్, నేనూ వాదిస్తాను," అన్నాడు. పైవాళ్ళతో సమావేశం వచ్చేవారం గురువారం. చేతిలో పది రోజులున్నాయి.

ఆ ఏడాది వచ్చిన లినక్సు ఫిర్యాదులు ఆరువందల పన్నెండు. ఒక్కొక్కటీ తెరిచి, అందులో చెప్పిన లోపం విండోస్ ఆటలో కూడా ఉందో లేదో స్వయంగా ఆడి చూడాలి. ఉంటే అది నా తప్పు కాదు. ఉదయం ఏడింటికల్లా కుర్చీలో ఉండేదాన్ని. మధ్యాహ్నం తిండి కూడా ఆ తెర ముందే. మెడ పట్టేసింది, కళ్ళు మంటలు, కళ్ళు మూసుకున్నా వ్యాగన్లే కనిపించేవి. ఇన్నేళ్ళ పనిని ఇలా రుజువు చేసుకోవాల్సి రావడం ఆ మెడనొప్పి కంటే ఎక్కువగా బాధపెట్టింది.

ఇంట్లో ఈ సంగతి ఎత్తలేదు. మా ఆయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. నాకంటే ముందే ఇల్లు చేరి, మా పాత కంప్యూటర్‌లో మా యార్డు ఆటే ఆడుకుంటూ ఉంటాడు. ఆ కంప్యూటర్‌కి లినక్సు వేసిచ్చింది నేనే. పదకొండేళ్ళ కిందట నా ఆటకు మొట్టమొదటి ఆటగాడు ఆయనే. నా పని ఎవరికి ఉపయోగమని ఎప్పుడైనా దిగులు పుడితే, ఆ గది గుమ్మంలో నిలబడి కాసేపు ఆయన వీపు చూసేదాన్ని. చాలా ధైర్యంగా ఉండేది.

రెండో సోమవారానికి లెక్క తేలింది. ఆరువందల పన్నెండులో లినక్సుకు మాత్రమే పరిమితమైన లోపాలు తొమ్మిది. మిగిలినవన్నీ విండోస్ ఆటలోనూ ఉన్నాయి. రెండుసార్లు సరిచూశాను, తొమ్మిదే. మెడ సంగతి మర్చిపోయి నాలో నేనే నవ్వుకున్నాను.

మంగళవారం, ఆ లెక్కకు సాక్ష్యాలు జతచేద్దామని చిట్టాలు తెరిచాను. ఫిర్యాదు వెంట ఆట తనంతట తానే ఒక చిట్టా పంపుతుంది. ఆట ఆ కంప్యూటర్‌లో ఎక్కడుందో, ఎప్పుడు ఏం చేసిందో అంతా అందులో ఉంటుంది. వాటిని ఎవరూ చదవరు, నేనూ చదవలేదు. మొదటి చిట్టా మొదటి వరుసలోనే, ఆట సి డ్రైవులో ఉందని రాసి ఉంది. సి డ్రైవనేది విండోస్‌లోనే, లినక్సులో ఉండదు. రెండోది తెరిచాను, అదీ సి డ్రైవే. ఇరవయ్యోదీ అంతే.

విండోస్ ఆటలను లినక్సు మీద ఆడించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. మేం దాన్ని దుబాసీ అంటాం. ఆట విండోస్ భాషలో అడిగినదాన్ని అది లినక్సుకు అర్థమయ్యేలా చెబుతుంది. ఒకప్పుడు అది నత్తి దుబాసీ. దాంతో ఆడితే బండి కదిలేలోపు కాఫీ తాగి రావచ్చు. ఈమధ్య బాగా నేర్చుకుందని వింటూనే ఉన్నాను. నా ఆట ఉండగా దాంతో ఎవరికేం పనిలే అనుకున్నాను.

ఇప్పుడు తెలిసింది. వీళ్ళంతా దుబాసీని పెట్టుకుని విండోస్ ఆట ఆడుతున్నారు. ఫారంలో వాళ్ళు అబద్ధమేమీ రాయలేదు. నేను ఏ కంప్యూటర్ అని అడిగాను, ఏ ఆట అని అడగలేదు. లినక్సు ఉన్నవాళ్ళు నా ఆటే ఆడతారని, దానికి అడగడం కూడా దేనికని అనుకున్నాను. సి డ్రైవు లేని చిట్టాలను కంప్యూటర్‌తో వెతికిస్తే, నా ఆట నుంచి వచ్చినవి మొత్తం ముప్పై ఒకటి. తొమ్మిది లోపాలూ ఆ ముప్పై ఒకటిలోవే. అంటే నా ఆటలో లోపాలు తక్కువై కాదు, ఆడేవాళ్ళు లేక తొమ్మిదే బయటపడ్డాయి.

మిగతా చిట్టాలు ఇక చదవనక్కర్లేదు. అయినా చదివాను. నాలుగు వందలు దాటాక ఒక ఫిర్యాదు, 'ఏడో నంబరు సిగ్నల్ మీద అక్షరాలు ఒక వైపు మసకగా ఉన్నాయి. నేను కళ్ళద్దాల పనివాణ్ణి, నాకు తెలుస్తుంది' అని. మొదటిసారి లోపం వరకే చూసి దాటేశాను. కింద మా ఆయన ఆటలో పెట్టుకున్న పేరు. చిట్టా తెరిచాను. సి డ్రైవు.

ఆ సాయంత్రం ఆయన కూరగాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చున్నాను.

"ఎప్పటి నుంచండీ?"

దేని గురించని ఆయన అడగలేదు. కత్తి పక్కన పెట్టాడు.

"రెండేళ్ళయింది."

"నాదాంట్లో ఏమైంది?"

"వ్యాగన్లు తగిలించేటప్పుడు కాస్త ఆగేది. ఎంతోసేపు కాదులే, ఒక్క క్షణం. ఇందులో ఆగదు."

"ఒక్క మాట చెప్పొచ్చుగా. సరిచేసేదాన్ని కదా."

"చెబుదామనే అనుకున్నా. నువ్వు రావడం రావడమే కుర్చీలో కూలబడేదానివి. ఆ మొహం చూసి ఇంకో పని ఎట్లా చెప్పను?" అని, కత్తి మళ్ళీ చేతిలోకి తీసుకుని, "నువ్వొచ్చిన చప్పుడు వినగానే ఇది మూసేసి నీది తెరిచేవాణ్ణి," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన మోసం చేశాడని కాదు. నేను గుమ్మంలో నిలబడి ధైర్యం తెచ్చుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. ఆయన లేచి నా ముందు మంచినీళ్ళు పెట్టాడు.

గురువారం సమావేశంలో ఆ తొమ్మిది లోపాల లెక్క చూపించాను. పైవాళ్ళు నలుగురూ ముందుకు వంగారు. "అంటే లినక్సు వాళ్ళు మనందరి లోపాలూ ఉచితంగా పట్టిపెడుతున్నారన్నమాట," అంది వాళ్ళలో పెద్దావిడ. శాతాల సారు ఇచ్చిన మాట ప్రకారం నా పక్షానే వాదించాడు. ఇంకో ఏడాది నడపడానికి అందరూ ఒప్పుకున్నారు. కంప్యూటర్ మూసేసి లేచి వచ్చేస్తే సరిపోయేది. చిట్టాలు చదివే తీరిక ఆ గదిలో ఎవరికీ లేదు.

కానీ ఇంకో ఏడాది ఎవరికోసం చేయాలి? ఎవరూ చూడని సిగ్నల్ స్తంభాలు జరుపుతూ కూర్చునే ఓపిక నాలో ఒక్క చుక్క కూడా మిగల్లేదు. కూర్చునే, సి డ్రైవు సంగతి మొత్తం చెప్పేశాను.

శాతాల సారు తెర వైపు చూడకుండా నా వైపు చూశాడు.

"ఇది మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు మేడమ్."

"తెలుసు సార్. అలిసిపోయాను."

ఆపేయాలని పావుగంటలో తేల్చారు. వాళ్ళ జాగాలో ఉంటే నేనూ అంతే చేసేదాన్ని. ఒక్కటి మాత్రం పట్టుబట్టాను. ఇకమీదట విండోస్ ఆట బయటికి పంపే ప్రతిసారీ, ముందు ఒక లినక్సు కంప్యూటర్‌లో దుబాసీతో ఆడి చూడాలని. ఒక్క కంప్యూటర్‌తో పోయేదే కాబట్టి ఒప్పుకున్నారు. నన్ను ఫిర్యాదుల విభాగంలో సర్దారు.

ఆపేస్తున్నట్టు ఆటగాళ్ళకు ప్రకటన రాసే పని కూడా నాకే ఇచ్చారు. నాలుగు వాక్యాలకు రెండు రోజులు తీసుకున్నాను. పెట్టాక వేరే పనేమీ ముట్టుకోకుండా కూర్చున్నాను. తిడతారనుకున్నాను. నిజం చెప్పాలంటే, తిట్టాలని కోరుకున్నాను. పదకొండేళ్ళకు కనీసం ఒకరిద్దరైనా నా మీద కోప్పడాలి కదా.

మధ్యాహ్నం దాటాక మొదటి జవాబు వచ్చింది. ఆరేళ్ళుగా మా ఆట ఆడుతున్న లినక్సు మనిషే, ఎంతో మర్యాదగా రాశాడు. 'క్షమించాలి, నాకు తెలియక అడుగుతున్నాను. లినక్సుకి విడిగా ఒక ఆట ఉండేదా?'

ఉండేదండీ, అని రాసి పంపాను.